ఆయాసమంతా నిమ్ము కాదు: కిడ్నీ రోగుల గుండె గురించి అపోహలు - వాస్తవాలు

నేను కిడ్నీ డాక్టర్‌ని. అర్ధరాత్రి క్యాజువాలిటీ నుంచి ఫోన్ వచ్చిందంటే చాలాసార్లు కబురు ఒకటే: కిడ్నీ జబ్బున్న మనిషి, పడుకోలేకపోతున్నాడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గుండె వైఫల్యం. వీళ్ళలో చాలామంది రెండు మూడు రోజుల ముందే వచ్చి ఉంటే ఆస్పత్రిలో చేరే పని ఉండేది కాదు.

అపోహ: "నిమ్ము చేసింది, సిరప్ తాగితే తగ్గిపోతుంది."

ఒక పెద్దాయనను ఇలాగే తీసుకొచ్చారు. "వారం నుంచి ఈయన రెండు దిండ్లు వేసుకుంటున్నారు డాక్టరు గారూ, నిన్న రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నారు" అంది భార్య. చీలమండ పైన వేలితో నొక్కితే పడ్డ గుంట, నేను ఛాతీ పరీక్ష చేసేదాకా పూడలేదు. అది నిమ్ము కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నయం అనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.

అపోహ: "ఎకోలో (గుండె స్కాన్‌లో) పంపింగ్ 60 శాతం ఉంది, గుండెకేం భయం లేదు."

ఏళ్ళ తరబడి బీపీతో, రక్తహీనతతో పోరాడిన గుండె గోడలు మందమై బిగుసుకుపోతాయి. పిండడం బాగానే పిండుతుంది, సడలి రక్తం నింపుకోవడమే కష్టం. కిడ్నీ రోగుల్లో ఇది చాలా మామూలు.

అపోహ: "నీళ్ళు ఎంత తాగితే కిడ్నీలు అంత శుభ్రం."

రాళ్ళున్నవాళ్ళకు చెప్పే మాట ఇది. కాళ్ళు వాచినవాళ్ళకు ఇదే ముప్పు. రోజుకు ఎన్ని నీళ్ళో మీ డాక్టర్‌తోనే లెక్క వేయించుకోండి. అసలు దాహం పుట్టించేది ఉప్పు. రోజంతటికీ 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూన్ దాటకూడదు. ఆవకాయ, అప్పడం, ఎండుచేప, ఊరమిరపకాయ, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. సైంధవ లవణం కూడా ఉప్పే. ఇక "తక్కువ సోడియం" ఉప్పులో చాలావరకు కలిపేది పొటాషియం. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మాత్రలు సొంతంగా ఆపేయడం. టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు మొదలుపెట్టాక క్రియాటినిన్ (రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే అంకె) 30 శాతం దాకా పెరగడం మేం ముందే ఊహించేదే. మళ్ళీ రక్తపరీక్ష చేసి చూసుకుంటాం. డపాగ్లిఫ్లోజిన్ షుగర్ మాత్ర కదా, నాకెందుకు అంటారు. 2020లో వచ్చిన డాపా-సీకేడీ అధ్యయనంలో షుగర్ లేనివాళ్ళూ ఉన్నారు. ఆ మందు వాడినవాళ్ళలో గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడాలు, గుండె జబ్బు మరణాలు కలిపి చూస్తే తగ్గాయి. నిజంగా మానాల్సింది మోకాళ్ళ నొప్పికి కొనుక్కునే డైక్లోఫెనాక్. అదేమో ఎవరూ మానరు.

అపోహ: "వాపు కనిపించాకే కదా తెలిసేది."

వాపు కంటే ముందు చాలాసార్లు బరువు చెబుతుంది. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు తూకం చూసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒళ్ళు కాదు, నీరు.

ఆ పెద్దాయన భార్య చెకప్‌కి వచ్చినప్పుడు గోడ క్యాలెండర్ కాగితం మడిచి తెచ్చింది. 61.2, 61.4, 61.1. ఒక తేదీ కింద 63.3 అని ఎర్ర పెన్నుతో రాసి ఉంది. ఆ రోజే ఆమె ఫోన్ చేసింది. నీటి మాత్ర మోతాదు పెంచాం. నాలుగు రోజుల తర్వాతి గడిలో మళ్ళీ 61.3.