కొత్తిమీర వేస్తున్న పిల్లలకు

విశాఖపట్నం

పిల్లలూ,

కొత్తిమీర వేసినవాళ్ల ఫిర్యాదులు రెండే. ఒకటి, మొలవలేదని. రెండోది, మొలిచింది గానీ కోసుకునేలోపే పూతకొచ్చేసిందని.

ముందు మొలకల సంగతి. మనం గింజ అనుకునే ధనియం నిజానికి చిన్న కాయ, లోపల రెండు విత్తనాలుంటాయి. ధనియాలను గుడ్డ మీద పరిచి అప్పడాల కర్రను మెల్లగా ఒక్కసారి దొర్లిస్తే రెండు బద్దలుగా విడిపోతాయి. గట్టిగా నొక్కితే పొడైపోతాయి, అవిక చారులోకే. బద్దలను రాత్రంతా నానబెట్టి పొద్దున్నే విత్తండి. కొట్టులో కొన్న ధనియాలు పాతవైతే మొలవవు. అందుకే ముందు ఒక ఇరవై బద్దలు తడిగుడ్డలో చుట్టి చూడండి. రెండు వారాల్లో సగమైనా మొలకెత్తకపోతే వేరేవి తెచ్చుకోండి.

దీనికి తల్లివేరు నిలువుగా దిగుతుంది కాబట్టి కుండీ ఎనిమిది అంగుళాల లోతైనా ఉండాలి. చేపలొచ్చే థర్మాకోల్ పెట్టె బాగా పనికొస్తుంది. ఉప్పు పోయేదాకా కడిగి, అడుగున కన్నాలు పెట్టండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలపండి. ఎర్రమట్టి కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల జోలికి మాత్రం పోకండి. అవి కాపాడుకోవాల్సిన భూవారసత్వ సంపద. మట్టి నర్సరీలో దొరుకుతుంది.

అర అంగుళం లోతున, వరసకీ వరసకీ నాలుగు అంగుళాలు వదిలి విత్తండి. చెంబుతో పోస్తే గింజలు పైకి తేలిపోతాయి, నీళ్లు చిలకరించండి. ఎనిమిది నుంచి పదిహేను రోజుల్లో మొలుస్తుంది. మొదట వచ్చే రెండాకులు పొడుగ్గా, నున్నగా ఉంటాయి, కొత్తిమీరలా అస్సలుండవు. కలుపనుకుని పీకేసేది వీటినే! అంచులు చీలిన అసలు ఆకు ఆ తర్వాత వస్తుంది. ఒత్తుగా మొలిస్తే రెండు అంగుళాలకొకటి ఉంచి మిగతావి కత్తిరించేయండి. పీకి వేరేచోట నాటితే వేరు దెబ్బతిని మొక్క తొందరగా పూతకొస్తుంది. మొలకలు మొదలు దగ్గర సన్నబడి వాలిపోతున్నాయంటే నారుకుళ్లు, నీళ్లెక్కువయ్యాయన్నమాట. వేలు ఒక కణుపు దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పెట్టండి.

ఇక పూత. వేడి ముప్పై డిగ్రీలు దాటి, పగలు పొడుగైతే మొక్క ఆకు మానేసి గింజ మీద పడుతుంది. నడిమి కాడ నిటారుగా లేచి, కొత్త ఆకులు దారాల్లా సన్నబడితే పూత వస్తున్నట్టే. కాడ తుంచితే నాలుగు రోజులు ఆగుతుందేమో, వెనక్కి మాత్రం పోదు. అందుకే మన ఊళ్లో వానలు తగ్గాక, కార్తీకంలో మొదలుపెట్టి జనవరి చివరిదాకా పదిహేను రోజులకో వరస వేసుకోవాలి. వేసవిలో వేయాలంటే పొద్దుటెండ చాలు, తర్వాత గ్రీన్‌నెట్ నీడ ఉండాలి. అప్పటికీ దిగుబడి తక్కువే, ఆశ పెట్టుకోకండి. పూసినదాన్ని పారేయకుండా వదిలేయండి. తేనెటీగలొస్తాయి, పచ్చి కాయలు పచ్చట్లోకి ఘుమఘుమలాడతాయి.

నలభై రోజులకు కోతకొస్తుంది. బయటి కాడలే కోసి నడిమి చిగురు వదిలితే ఇంకో రెండు కోతలొస్తాయి. లేత కాడలకు పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు, పడితే నీళ్లు గట్టిగా చిమ్మండి. పోకపోతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. వారం ఆగి, కడిగి వాడుకోండి.

బీచ్‌రోడ్డు వైపు మేడల మీద పెంచేవాళ్లు కుండీలను సముద్రం వైపు పిట్టగోడ చాటున పెట్టండి. ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడిపోతాయి. అలా మాడితే తెగులనుకుని మందు కొట్టొద్దు, మంచినీళ్లతో ఆకులు కడిగితే చాలు.

ఇట్లు,
మీ తాతయ్య