బకింగ్‌హాం కాలువ: లాకుల దగ్గర ఆగిన దారి

నెల్లూరు తీరంలో బకింగ్‌హాం కాలువకు మళ్లీ పడవలు రావాలన్న మాట లేచినప్పుడల్లా చర్చ పూడిక తీతకూ, దాని ఖర్చుకూ పరిమితమవుతుంది. మట్టం తేడాలున్న చోట పడవలను దాటించే తలుపుల కట్టడాలు, అంటే లాకుల ఊసు అరుదుగా వస్తుంది.

బాసిల్ కోక్రేన్ అనే వర్తకుడి పేరుతో 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలైన కాలువ, 1837లో ప్రభుత్వం చేతికి వచ్చాక విడతలు విడతలుగా దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా సాగి, 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న పెదగంజాం వద్ద కొమ్మమూరు కాలువను కలిసింది. 1876-78 కరువులో కూలి కోసం వచ్చినవాళ్లు మద్రాసులో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్క తవ్వారు; పేరు మాత్రం గవర్నరు బకింగ్‌హాం డ్యూక్‌ది నిలిచింది.

కొమ్మమూరులో పారేది కృష్ణ మంచినీరు. పెదగంజాం నుంచి దక్షిణానికి ఉన్నది పోటుకు నిండి ఆటుకు తగ్గే ఉప్పునీరు. పైగా గుండ్లకమ్మ, మన్నేరు, పెన్న, స్వర్ణముఖి కాలువకు అడ్డంగా వచ్చి సముద్రంలో పడతాయి. అందుకే నదులు దాటే చోట్ల లాకులు అవసరమయ్యాయి. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, తూముల ద్వారా రెండు వైపులా మట్టం సమానం చేసి, ముందు తలుపులు తెరిచేవారు. ఆటు సమయంలో కాలువ నీరు జారిపోకుండా, వరద ఇసుక లోపలికి రాకుండా ఆ తలుపులే కాచేవి.

డెల్టా బియ్యం, తీరపు ఉప్పు, వంటచెరకు ఈ దారినే మద్రాసు చేరేవి. 1899లో మద్రాసు-బెజవాడ రైలుమార్గం పూర్తయ్యాక, తర్వాత లారీలొచ్చాక, సరుకు తగ్గింది; 1965-66 తుపానులు గట్లను బాగా దెబ్బతీశాయి. తలుపులు బిగుసుకున్న లాకు వద్ద ఇసుక చేరడం మొదలైతే ఆపేదేముంది?

2004 సునామీలో ఉప్పెన నీటిని ఈ కాలువ కొంతవరకు ఇముడ్చుకుంది. 2008లో కృష్ణపట్నం రేవు తెరుచుకున్న ఏడాదే దీన్ని జాతీయ జలమార్గం-4లో చేర్చారు. ఇప్పుడు గట్ల పక్కన రొయ్యల చెరువులున్నాయి. వాటి నీటి రాకపోకలకూ కాలువ మట్టమే ఆధారం. కాబట్టి ఏ నది దగ్గర పాత లాకు బాగు చేస్తారు, ఎక్కడ కొత్తది కడతారు, తలుపులు ఎవరు నడుపుతారు అన్నవి పూడిక టెండరు కంటే ముందు తేలాలి.