ఉప్పుమూట ఎక్కిన రంపం

చిన్నోడికీ, బుజ్జమ్మకూ తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో ఆనందపురం తోటలో పడిపోయిన మామిడిచెట్టును మన పాత ట్రాక్టర్ రంపం కోస్తుంటే మీరిద్దరూ చెవులు మూసుకుని మరీ చూశారు. ఎంవీపీ కాలనీకి తిరిగి వెళ్ళాక చిన్నోడు ఫోన్లో అడిగాడు, "తాతయ్యా, ఆ రంపం బల్ల అంత బరువుంది కదా, వెనక ఎత్తుకున్నప్పుడు ట్రాక్టర్ వెల్లకిలా ఎందుకు పడలేదు?" అని. ఫోన్లో మొదలుపెడితే సగంలోనే మీ అమ్మ అన్నానికి పిలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

మీరు ఉప్పుమూట ఆడతారుగా. చిన్నోడు వంగుతాడు, బుజ్జమ్మ వీపెక్కుతుంది. వాడి చేతులు దాని తొడల కింద, దాని చేతులు వాడి మెడ చుట్టూ. ట్రాక్టర్ వెనక ఉన్నదీ అదే. కింద అటొకటి ఇటొకటి రెండు ఇనుప చేతులుంటాయి, వాటిని లోయర్ లింకులంటారు. పైన మధ్యలో ఉన్నది టాప్ లింకు. మూడింటికీ పిన్నులు దూర్చి క్లిప్పులు పెడితే రంపం బల్ల ట్రాక్టర్ వీపెక్కినట్టే. బుజ్జమ్మ జారుతుంటే చిన్నోడు ఒక్క ఎగురు ఎగరేసి సర్దుకుంటాడు చూడండి, ట్రాక్టర్లో ఆ పని ఆయిల్ ఒత్తిడి చేస్తుంది. కింది చేతుల్ని అదే పైకి లేపుతుంది. బుజ్జమ్మ మెడ వదిలేస్తే? తలకిందులుగా వేలాడుతుంది. టాప్ లింకు పిన్ను ఊడితే బల్లదీ అదే గతి. బుజ్జమ్మ స్కూలు బ్యాగు కూడా తగిలించుకుంటే చిన్నోడు ఇంకాస్త ముందుకు వంగాలి. ట్రాక్టర్ వంగలేదు కదా, అందుకని దాని ముక్కుకు ఇనుప దిమ్మలు తగిలిస్తారు. అవి అందానికి పెట్టారని నేను చాలాకాలం అనుకున్నాను!

పాత ట్రాక్టర్‌కు కొత్త పరికరం తగిలించడంలో అసలు తంటా పిన్నుల దగ్గరే. చిన్న ట్రాక్టర్ల కింది చేతుల కన్నాలకు 22 మిల్లీమీటర్ల పిన్ను పడుతుంది, పెద్దవాటికి 28. మన రంపం బల్ల పెద్ద ట్రాక్టర్ కోసం చేసింది. గాజువాకలో ఒక వెల్డింగ్ షాపులో సన్నపిన్నులు వేయించాను. కాస్త వదులుగా వేశాడు. పోనీలే, అదే సర్దుకుంటుందనుకున్నాను. రంపం అదురుకు వారం తిరక్కుండా కన్నం కోడిగుడ్డులా సాగింది. వాణ్ణి తిట్టుకున్నాను గానీ, చూసి కూడా ఊరుకున్నది నేనే.

నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట చెబుతాను. తుపాను గాలికి మా ఊరి చింతచెట్టు విరిగింది, మొద్దు మిగిలింది. నాలుగూళ్ళకూ కలిపి ఒకే ట్రాక్టర్ ఉండేది, ఎర్ర మాసీ ఫెర్గూసన్. ఊళ్ళో గుంటలమందరం చుట్టూ చేరాం. డ్రైవరు గొలుసును మొద్దుకు చుట్టి, రెండో కొస తెచ్చి టాప్ లింకు తగిలించేచోట, అంటే బాగా ఎత్తున కట్టాడు. పైనుంచి లాగితే తేలిగ్గా వస్తుందని అతని లెక్క. ఇంజను రంకె వేసింది. మొద్దు కదల్లేదు. ముందు చక్రాలు మాత్రం కోడెదూడ కాళ్ళెత్తినట్టు గాల్లోకి లేచాయి. అతను టక్కున క్లచ్ తొక్కాడు కాబట్టి బతికాడు. చక్రాలు ధబ్బున పడ్డాక ఎవరూ నవ్వలేదు. గొలుసును విప్పి ఇరుసు కంటే కిందికి, హుక్కుకు కట్టారు. అదే ట్రాక్టర్, అదే గొలుసు, అదే మొద్దు. మూడో లాగుడుకు వేళ్ళతో సహా వచ్చింది. ఎంత బలముందని కాదు, ఎక్కడ కట్టావని చూడాలి. మీ లెక్కల మాస్టారు దీన్ని వేరే మాటల్లో చెబుతారు, అదీ వినండి.

ఈ మూడు చేతుల అమరికను హారీ ఫెర్గూసన్ అనే ఐర్లాండ్ ఆయన కనిపెట్టాడు. ఆ రోజుల్లో నాగలి రాయికి తగిలితే ట్రాక్టర్లు ఇలాగే లేచి డ్రైవర్ల మీద పడేవి. ఆయన పద్ధతిలో నాగలికి మట్టి అడ్డుపడినప్పుడు పై చేయి ట్రాక్టర్‌ను ముందుకు తోసి దాని ముక్కును నేలకు అదిమిపెడుతుంది. ఉప్పుమూటలో పై చేతులు లాగుతాయి గానీ తొయ్యవు. కాబట్టి ఇక్కడ నా పోలిక చిరిగింది, మీరు కుట్టుకోండి. ఆయన 1938లో హెన్రీ ఫోర్డుతో కాగితమేమీ రాసుకోకుండా చేతిలో చెయ్యేసి ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత ఫోర్డు మనవడి కాలంలో అది చెడి కోర్టుకెక్కింది. మాట మీద నిలబడాలి నిజమే, అయినా కాగితం కూడా రాసుకోవాలి నాయనా.

ఇక రంపం ఎలా తిరుగుతుందంటే, ట్రాక్టర్ వెనక నడుము దగ్గర ఒక ఇనుప కడ్డీ బయటికొచ్చి తిరుగుతూ ఉంటుంది. పీటీఓ అంటారు. నిమిషానికి 540 చుట్లు. రంపానికి అది చాలదు. అందుకే ఆ తిప్పుడును 20 అంగుళాల పెద్ద పుల్లీకి ఇచ్చి, అక్కణ్ణించి బెల్టుతో రంపం పక్కనున్న 8 అంగుళాల చిన్న పుల్లీకి కలిపాం. పెద్దది ఒకసారి తిరిగేలోపు చిన్నది రెండున్నర సార్లు తిరుగుతుంది. అంటే 1350 చుట్లు. మన రంపం అడ్డంగా రెండడుగులు కదా, దాని పళ్ళు గంటకు 150 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరిగెడతాయి. ఇంజను ఆపినా కాసేపటి దాకా తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు లేకుండా. నాకు భయం అప్పుడే. ఆ రోజు బుజ్జమ్మ చున్నీ తీయించి, మిమ్మల్ని గట్టు దాటనివ్వనిది అందుకే. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో మన విశాఖ వీధుల నిండా పడిన చెట్లు కోస్తుంటే కూడా జనం రంపం పక్కనే నిలబడి ఫొటోలు తీశారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

బెల్టు మధ్యలో 8 అంకెలా ఎందుకు మెలిపెట్టామో మాత్రం నేను చెప్పను. అమ్మ కుట్టుమిషను దగ్గరి ఖాళీ దారపు కండెలు రెండు తీసుకుని, రెండు పెన్సిళ్ళకు గుచ్చండి. రబ్బరు బ్యాండు ఒకసారి తిన్నగా వేసి తిప్పండి, ఇంకోసారి మెలేసి తిప్పండి. రెండో కండె ఎటు తిరుగుతోందో చూడండి. రంపం పళ్ళు దుంగను బల్లకేసి కిందికి అదమాలి, పైకి ఎగరేయకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుని చూస్తే మీకే తెలుస్తుంది.

దీపావళికి వచ్చినప్పుడు కండెలు తెచ్చి నాకూ చూపించండి.

మీ తాతయ్య