బండి వెనక కుంగితే కమాన్ పట్టీ ఒక్కటే మందు కాదు

భీమవరం, ఆకివీడు, కాళ్ల వైపు రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే పికప్పుల్ని కాసేపు గమనించండి. తొట్టిలో మేత బస్తాలు, వెనక హుక్కుకి చక్రాల జనరేటరు. కరెంటు పోతే నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లారుజామున చెరువు నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువగా ఉంటుంది, అందుకని ఆ జనరేటరు ఎంత తొందరగా గట్టు మీదకి చేరితే రైతుకి అంత టెన్షన్ తగ్గుతుంది. ఆ తొందరలో బండి వెనక బాగా కుంగిపోయి, ముందు లేచిపోయి, లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతూ వెళ్తూ ఉంటుంది. మర్నాడు ఓనరు మెకానిక్ దగ్గరికి వెళ్ళి "కమాన్ కట్టలో ఇంకో రెండు పట్టీలు వేసెయ్యి" అంటాడు. కమాన్ కట్ట అంటే ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు. వేస్తారు. బండి లేస్తుంది. చూడ్డానికి అంతా సరిపోయినట్టే ఉంటుంది.

సరిపోలేదు. ఎందుకో లెక్కలోనే తెలుస్తుంది.

మీ బండి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 3 మీటర్లు, హుక్కు వెనక ఇరుసుకి ఇంకో 1.2 మీటర్లు అవతల ఉందనుకుందాం. హుక్కు మీద 120 కిలోల బరువు పడితే వెనక ఇరుసు మీద పెరిగేది 120 కాదు, 168. మిగతా 48 ఎక్కడివంటే ముందు చక్రాల మీద నుంచి వచ్చాయి. గడ్డపారతో రాయి లేపినట్టు, వెనక ఇరుసుని ఆనుకుని హుక్కు బండి ముక్కుని పైకి లేపుతోంది. స్టీరింగు తిప్పే చక్రాలూ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసే చక్రాలూ ఆ ముందువే కదా, వాటి పట్టే తగ్గిందన్నమాట. ఇప్పుడు కమాన్ పట్టీలు ఎన్ని వేసినా ఈ 168, 48 అంకెలు మారవు, ఎందుకంటే అవి దూరాల వల్ల వచ్చిన అంకెలు, స్ప్రింగు వల్ల వచ్చినవి కావు. పట్టీ వేస్తే బండి ఎత్తు సరవుతుంది, లైటు కిందకి దిగుతుంది, ఇరుసు వెళ్ళి ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, కొట్టుకోకుండా ఉంటుంది. అవన్నీ కావలసినవే. కానీ ముందు చక్రాలు పోగొట్టుకున్న బరువు మాత్రం తిరిగి రాదు. నన్నడిగితే ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం ప్రమాదాలు ఆగుతాయి, ఎందుకంటే బండి సమంగా కనపడగానే మనిషికి ధైర్యం వచ్చేసి ఇంకో పది బస్తాలు ఎక్కిస్తాడు.

ఆ బరువుని ముందు చక్రాల మీదకి తిరిగి రప్పించే దారులు వేరే ఉన్నాయి. తొట్టిలో బస్తాల్ని వెనక తలుపు దగ్గర కాకుండా క్యాబిన్‌కి ఆనించి పెట్టడం ఒకటి, దీనికి పైసా ఖర్చు లేదు. హుక్కుని వీలైనంత ఇరుసుకి దగ్గరగా బిగించుకోవడం రెండోది. అసలు హుక్కు మీద ఎంత బరువు పడుతోందో తెలుసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం, అదేమంత కష్టం కాదు. రొయ్యల పట్టుబడి రోజున వాడే ప్లాట్‌ఫారం కాటా ఉంటుంది కదా, ట్రైలర్‌ని, అంటే వెనక లాగే ఆ చక్రాల జనరేటరు లాంటిదాన్ని, బండి నుంచి విప్పి, చక్రాలకి అడ్డు పెట్టి, సమంగా నిలబెట్టి, హుక్కుకి తగిలించే మూతిని బండికి ఉన్నప్పటి ఎత్తులోనే ఆ కాటా మీద ఆనించండి. ట్రైలర్ మొత్తం బరువులో కాటా చూపిన ఆ బరువు 10 నుంచి 15 శాతం ఉండాలని అమెరికాలో వాడుక, యూరప్‌లో ఇంకా తక్కువ పెడతారు, కాకపోతే వాళ్ళ ట్రైలర్ల తీరు వేరు, వేగాల హద్దులూ వేరు.

హుక్కు మీద బరువు మరీ తగ్గితే ఏమవుతుందని అడుగుతారు. ఒక ఇరుసు మీద నిలబడే ట్రైలర్‌లో బరువంతా వెనక్కి చేరితే అది పాములా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. నెమ్మదిగా పోయినప్పుడు ఆ ఊపు దానంతటదే చచ్చిపోతుంది. ఒక వేగం దాటాక చావదు, ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది, ఆ వేగం ఎంతనేది బరువు ఎక్కడుందో, మూతి ఎంత పొడుగో, టైర్లు ఎంత బిగువుగా ఉన్నాయో అన్నదాన్ని బట్టి ఉంటుంది. జాతీయ రహదారి మీద ఊపు మొదలైతే స్టీరింగు అటూ ఇటూ తిప్పకండి, గట్టిగా బ్రేకు కొట్టకండి, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగు తిన్నగా పట్టుకోండి. వేగం తగ్గాక అదే సర్దుకుంటుంది.

ఇక టైర్లు. నా దృష్టిలో కమాన్ షాపు కన్నా ముందు వెళ్ళాల్సింది ఇక్కడికే. బరువు మోసేది రబ్బరు కాదు, అందులోని గాలి. గాలి ఒత్తిడిని కొలిచే పీఎస్ఐ లెక్కలో 50 అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు మూడున్నర కిలోలు. ఒక చక్రం మీద 800 కిలోలు పడితే, ఆ గాలితో టైరు దాదాపు 230 చదరపు సెంటీమీటర్ల మేర నేలకి ఆనుతుంది. గాలి 30కి దిగిపోతే అదే బరువు మొయ్యడానికి 380 దాకా కావాలి, అంటే టైరు అంత ఎక్కువగా నలగాలి, చక్రం తిరిగిన ప్రతిసారీ నలిగి మళ్ళీ లేవాలి. రబ్బరు నలిగినప్పుడు తీసుకున్న శక్తి అంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మిగిలిపోతుంది. మన మే నెల ఎండలో, కింద కాలిపోతున్న తారు రోడ్డు మీద, ఆ వేడికి బయటికి పోయే దారి కూడా తక్కువ. లోపలి పొరలు విడిపోయి టైరు పేలేది ఇలాగే, పైకి చూస్తే అరుగుదల కూడా కనపడకపోవచ్చు.

టైరు పక్క గోడ మీద రెండు మూడు అంకెలుంటాయి, తర్వాత ఒక అక్షరం. ఆ అంకె మోసే బరువుకి గుర్తు: 100 ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు, 109 ఉంటే 1030, 112 ఉంటే 1120. అక్షరం వేగం హద్దు. మీ వెనక ఇరుసు బరువుని కాటా మీద తూయించి, రెండుతో భాగించి, ఈ అంకెతో పోల్చుకోండి. వేబ్రిడ్జి మీదకి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి తూయిస్తే ఇరుసుల లెక్క వచ్చేస్తుంది. ట్రైలర్ తగిలించకుండా ఒకసారి, తగిలించాక దాని చక్రాలు మాత్రం కాటా బయట ఉంచి ఇంకోసారి తూయిస్తే, పైన చెప్పిన 48 కిలోల లాంటిది మీ బండిలో ఎంతో మీ కళ్ళతోనే చూస్తారు. గాలి ఎప్పుడూ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. దూరం వెళ్ళాక వేడికి కొంత పెరుగుతుంది, పెరిగింది కదా అని తీసేస్తే మర్నాటికి అది తక్కువ గాలి టైరు అవుతుంది. పెద్ద సైజు టైర్లు వేస్తే బండి ఠీవిగా ఉంటుంది, నిజమే, కానీ వ్యాసం పదో వంతు పెరిగితే లాగే బలం దాదాపు అంతే తగ్గుతుంది, స్పీడోమీటరు కూడా తక్కువ చూపిస్తుంది. లాగుడు కోసమే అయితే అదే సైజులో ఎక్కువ బరువు మోసే టైరు తీసుకోవడం మేలు.

మన డెల్టాకి ప్రత్యేకమైన బాధ ఒకటుంది. ఇక్కడ చాలా చోట్ల నేల బంకమట్టి, తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, బరువుకి ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. కాలవ గట్టు రోడ్లు అందుకే అలలు అలలుగా ఉంటాయి. వంతెన లోతైన పునాదుల మీద నిలబడి ఉంటుంది కాబట్టి కుంగదు, దాన్ని కలిసే మట్టి కట్ట కుంగుతుంది, అందుకే వంతెన ఎక్కేచోటా దిగేచోటా ఆ ఎత్తేసే దెబ్బ. ఇప్పుడు చూడండి, రోడ్డు మీద అల పొడవు 10 మీటర్లు, మీరు గంటకి 54 కిలోమీటర్లలో వెళ్తున్నారంటే సెకనుకి 15 మీటర్లు, అంటే సెకనుకి ఒకటిన్నర ఊపులు. లోడున్న పికప్పు స్ప్రింగుల మీద తనంతట తాను ఊగే వేగం కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. రెండూ కలిస్తే ప్రతి అలా ముందు ఊపుకి ఇంకొంచెం కలుపుతుంది. పది కిలోమీటర్లు తగ్గించినా పెంచినా బండి కుదురుకోవడం మీరు చూసే ఉంటారు. తగ్గించండి.

ఈ ఊపుని చంపేది కమాన్ కాదు, షాక్ అబ్జార్బరు. పట్టీల మధ్య రాపిడి కొంత సాయం చేస్తుంది, అంతే. బరువు 40 శాతం పెరిగి, స్ప్రింగు బిగువు కూడా 40 శాతం పెంచి, షాకులు పాతవే ఉంచితే వాటి అదుపు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. పట్టీలు వేయించినవాళ్ళలో షాకులు మార్చినవాళ్ళు ఎంతమంది? చాలా తక్కువ.

పట్టీ మందం విషయంలో కూడా జాగ్రత్త. బిగువు మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది, 7 మిల్లీమీటర్ల పట్టీ తీసి 8 మిల్లీమీటర్లది వేస్తే ఆ ఒక్క మిల్లీమీటరుకే ఒకటిన్నర రెట్లు అవుతుంది. అలాంటి బండి ఖాళీగా గట్టు మీద వస్తున్నప్పుడు వెనక చక్రాలు నేల వదిలేసి ఎగురుతాయి, ఎగిరిన చక్రానికి బ్రేకూ ఉండదు పట్టూ ఉండదు. అందుకే హెల్పర్ పట్టీ మంచిది, లోడు పడి కట్ట కొంత వంగాకే అది తగులుతుంది, ఖాళీ బండికి అడ్డు రాదు. ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య పెట్టే గాలి బెలూన్లు కూడా ఇదే పని చేస్తాయి, గాలి పెంచుకునీ తగ్గించుకునీ వాడుకోవచ్చు, అయితే అవి ఛాసిస్‌ని ఒక్కచోట నొక్కుతాయి కాబట్టి బిగించే చోటు గట్టిదై ఉండాలి. వీటిలో ఏది వేసినా ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు మారదు, ఇరుసూ బేరింగులూ బ్రేకులూ పాతవే. బండిని మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పెట్టిన హద్దులు కూడా ఉన్నాయి, పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. పట్టీలు మార్పించాక కొత్త కట్ట సర్దుకుంటుంది, కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు వదులవుతాయి, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి లోడుతోనే తీసుకెళ్ళి మళ్ళీ బిగింపించుకోండి.