దుప్పటి మూల నుంచి లాగిన రెండు పోగులు

వరంగల్‌లో ఎండాకాలం రాత్రి ఫ్యాను కూడా వేడిగాలే కొడుతుంది. ఎలాంటి దుప్పటి మీద పడుకున్నామో అప్పుడు ఒంటికే తెలుస్తుంది. పోయిన మే నెలలో ‘ప్యూర్ కాటన్’ అంటే నమ్మి ఒక దుప్పటి తెచ్చాను. ముట్టుకుంటే మెత్తగానే ఉంది, రెండు రాత్రులకే వీపంతా చిత్తడి. మూడోనాడు పొద్దున మూల నుంచి నిలువు పోగొకటి, అడ్డం పోగొకటి లాగి, పట్టుకారుతో పట్టి కొవ్వొత్తికి చూపించాను. అడ్డం పోగు, అంటే పేక, కాగితం కాలిన వాసనతో మండి, ఊదితే లేచిపోయే బూడిదైంది. నిలువు పోగు, అంటే పడుగు, మంట తగలకముందే ముడుచుకుంది. కరిగి, కొసన నల్లపూసలా గట్టిపడింది. పేక పత్తి, పడుగు పాలిస్టర్. షాపతను సగం నిజమే చెప్పాడన్నమాట.

పత్తి పోగు దాదాపు మొత్తం సెల్యులోజే, అంటే మొక్కల కణాల గోడల్లో ఉండే పదార్థమే. ఆ అణువుల గొలుసు పొడవునా ఉండే హైడ్రాక్సిల్ గుంపులు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, నీటిని పట్టుకుంటాయి. అందుకే 100 గ్రాముల ఎండు పత్తి, మామూలు గాలిలోంచే 7, 8 గ్రాముల తేమను లాక్కుంటుంది. అయినా చేతికి పొడిగానే ఉంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టదు. మంచినీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్కే అది, పోగులా సాగదీశారంతే. చెమట ఇంకే దారి లేక వీపుకే అంటుకుంటుంది.

పత్తే గొప్పదనుకుంటే మా అమ్మమ్మ మెత్త, అంటే దిండు, ఒప్పుకోదు. అందులో ఉన్నది బూరుగు దూది. అదీ సెల్యులోజ్ పోగే, కానీ దాంతో నూలు వడకడం కష్టం. సూక్ష్మదర్శినిలో చూస్తే కారణం తెలుస్తుంది. పత్తి పోగు గింజ మీద మొలిచిన ఒకే ఒక్క కణం. కాయ పగిలాక లోపలి రసం ఎండి, గొట్టం చదునై, మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలే ఒకదాన్నొకటి పట్టుకుని దారంగా నిలుస్తాయి. బూరుగు పోగు గింజ మీద కాదు, కాయ లోపలి గోడ మీద పుడుతుంది. గుండ్రంగా, నున్నగా, పైన మైనం పూతతో ఉంటుంది. పట్టు దొరకక జారిపోతుంది. లోపల ఎక్కువ భాగం గాలే, అందుకే మెత్త అంత తేలిక. ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లలోనూ ఈ దూదినే కూరేవాళ్లు.

ఇంకో తమాషా. పత్తి తడిస్తే బలం పెరుగుతుంది, అందుకే బండకేసి బాదినా దుప్పటి నిలిచేది. రేయాన్ కూడా సెల్యులోజే, కానీ చెట్టు గుజ్జును కరిగించి మళ్లీ పోగులుగా తీసేసరికి గొలుసులు పొట్టివైపోతాయి. తడిస్తే బలహీనపడుతుంది. కొత్త సోఫా కవరు తళతళలాడుతుంటే అది రేయాన్ కావచ్చు, ఉతికేముందు లేబుల్ చూడండి.

పోగు ఒక్కటే కాదు, నేత కూడా లెక్కే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలను కొత్తవాడ మగ్గాల దగ్గర చూడండి. నేతగాడు పేక వేసి, ఇనుప పళ్లున్న పంజాతో దబదబా కొడతాడు. ఎంత దగ్గరికి కొడతాడంటే పడుగు అసలు కనబడదు. రంగు, డిజైను, కాలి రాపిడి అన్నీ పేక మీదే. ఇరవై ముప్పై పెళ్లిళ్లు చూసిన జంపఖానాలో మడతల దగ్గర తెల్లటి దారాలు బయటపడితే, పేక అరిగిపోయి పడుగు తొంగిచూస్తోందని అర్థం. నా లెక్కలో, నేల మీద పరిచేదాన్ని కొనేటప్పుడు రంగు తర్వాత, ముందు గోరుతో పేకను పక్కకు జరిపి చూడాలి. తేలిగ్గా జరిగితే వదిలేయండి.

ఆ దుప్పటిని పారెయ్యలేదు. ఎండకు పత్తి కన్నా పాలిస్టర్ ఎక్కువ కాలం ఆగుతుంది. అందుకే పడమటి కిటికీకి కర్టెన్ చేశాను. పడుగు గురించి బెంగ లేదు. పేకే ఎన్ని ఎండాకాలాలు ఉంటుందో చూడాలి.