పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే జియోలైట్లు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం తీరంలో రొయ్యల చెరువులున్న రైతులకు, కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలతో నిండిన జియోలైట్ అనే ఖనిజం కొత్త కాదు. అందుకే జియోలైట్‌తో పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే నా పని గురించి చెప్పగానే, చెరువులో చల్లే బస్తా పొడినే రైస్ మిల్లు పొగగొట్టంలో వాడకూడదా అని అడుగుతుంటారు. ఆ పొడి చాలావరకు గనుల్లో తవ్విన సహజ ఖనిజం. నీటిలోని అమ్మోనియాను తగ్గించడానికి దాన్ని చల్లుతారు, ఉప్పునీటిలో సోడియం పోటీ వల్ల ఆ పని కూడా మందగిస్తుంది. పొగకు వాడేవి 13ఎక్స్ వంటి కృత్రిమ జియోలైట్ గుళికలు.

అపోహ: జియోలైట్ అణువులను జల్లెడ పట్టినట్టు వేరు చేస్తుంది.

వాస్తవం: 13ఎక్స్ రంధ్రాల ద్వారం సుమారు 0.74 నానోమీటర్లు ఉంటుంది కాబట్టి 0.33 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్, 0.36 నానోమీటర్ల నైట్రోజన్ రెండూ సులువుగా లోపలికి పోతాయి. అయితే అక్కడి సోడియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న సోడియం కణాలు) కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువ బలంగా పట్టి ఉంచుతాయి.

అపోహ: కిలో గుళికలు 200 గ్రాముల వాయువును పడతాయి.

వాస్తవం: ఆ లెక్క 25 డిగ్రీల వద్ద, వాతావరణ పీడనంలో, పొడిగా ఉన్న శుద్ధ వాయువుకు మాత్రమే దాదాపుగా సరిపోతుంది. బాయిలర్ పొగలో కార్బన్ డయాక్సైడ్ కొద్ది భాగమే. అంతకంటే పెద్ద చిక్కు తేమ. ఊక ఎంత ఎండినదైనా, అందులోని హైడ్రోజన్ మండి నీటి ఆవిరిగా మారుతుంది, సోడియం అయాన్లు ఆ నీటినే ముందు పట్టుకుంటాయి. బాగా ఎండబెట్టిన గుళికలను గాజు గిన్నెలో పోసి కాసిని నీళ్లు చల్లితే, సుయ్యిమని గిన్నె వేడెక్కడం చూడవచ్చు. మన వానాకాలపు గాలిలో మూత తీసి ఉంచిన గుళికలు తేమను పీల్చేస్తాయి, వాటిని మళ్లీ పనిలోకి తేవాలంటే 300 డిగ్రీల వద్ద గంటల తరబడి ఆరబెట్టాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా గాలిలోని తేమను ముందు తీసేసి, ఆ తరువాతే జియోలైట్ గుండా పంపుతారు.

అపోహ: ఊక బూడిదతో చేస్తే జియోలైట్ ఉచితమే.

వాస్తవం: బూడిదలో సిలికా పుష్కలంగా ఉన్న మాట నిజమే కానీ, మరీ ఎక్కువ వేడిలో కాలినప్పుడు అది స్ఫటికంగా మారి, జియోలైట్ తయారీకి అవసరమైనట్టు కాస్టిక్ సోడాలో కరగడానికి మొరాయిస్తుంది. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), సోడా, కడగడం, ఆరబెట్టడం వీటన్నిటికీ ఖర్చు తప్పదు.

అపోహ: నిండిన గుళికలను పారేయాలి.

వాస్తవం: వేడి చేసినా, పీడనం తగ్గించినా అవి వాయువును వదిలి మళ్లీ సిద్ధమవుతాయి. అసలు ఖర్చు ఈ విడిపించడంలోనే ఉంది. అలా విడిపించిన వాయువును భూగర్భంలో నిల్వ చేసే ఏర్పాటో, కొనే పరిశ్రమో లేకపోతే, అది తిరిగి గాలిలోకే పోతుంది.