గీసుకుంటామని ఎక్కారు, దించుకుపోయారు

పార్థెనాన్ శిల్పాల గొడవ మళ్లీ రాజుకుంది. పార్థెనాన్ అంటే ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ మీది ప్రాచీన గ్రీకు గుడి. దాని శిల్పాల్లో చాలా భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, తిరిగివ్వమని గ్రీస్ అడుగుతోంది. 2023 నవంబర్‌లో అప్పటి బ్రిటన్ ప్రధాని సునాక్, గ్రీస్ ప్రధాని మిత్సొటాకిస్‌తో భేటీని ఆఖరి నిమిషంలో రద్దు చేసుకున్నాక అసలు చల్లారిందెప్పుడని?

ఆ గుడి ఎవరు కట్టారు, 1687లో లోపల దాచిన మందుగుండుతో ఎలా పేలింది అన్నవి తెలిసినవే. తగాదా అర్థం కావాలంటే 1801కి వెళ్లాలి. లూసియేరి అనే ఇటలీ చిత్రకారుడి దగ్గరికి.

అప్పటికే ఏథెన్స్‌ను గీసిన బొమ్మలంటే యూరప్‌లో పిచ్చి. విరిగిన స్తంభాలు, సాయంత్రపు ఎండ, నీడపట్టున కూర్చున్న తలపాగాల మనుషులు. నిజానికి అప్పుడు ఏథెన్స్ టర్కీ ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడిలో ఉంది; కొండ మీద టర్కీ దండు, ఇళ్లు, గుడి లోపలే ఒక మసీదు. యాత్రికులు అవీ గీశారు, కాకపోతే అలంకారానికి. ఇంత అందానికి దిక్కూమొక్కూ లేదే అనిపించేవి ఆ బొమ్మలు.

ఒట్టోమన్ దర్బారులో బ్రిటిష్ రాయబారి ఎల్గిన్, లూసియేరిని పెట్టుకున్నదీ బొమ్మలు గీయడానికే. ప్లాస్టర్ అచ్చులు తీయడానికి వేరే పనివాళ్లు. ఒట్టోమన్ ప్రభుత్వం ఇచ్చిన 1801 అనుమతి పత్రానికి ఇటాలియన్ అనువాదమే మిగిలింది. అందులో 'కొన్ని రాతి ముక్కలు' అని ఉంది. ఆ 'కొన్ని' ఎంత సాగిందంటే, లండన్‌లో ఇప్పుడు ఒక్క ఫ్రీజే (గోడ పైభాగాన సాగే శిల్పాల పట్టీ) 75 మీటర్లుంది! బరువు తగ్గించడానికి పలకల వెనకభాగం రంపాలతో కోశారు. మెటోపులు (స్తంభాల పైని చదరపు శిల్ప ఫలకాలు) దించడానికి పైనున్న కార్నిసును, అంటే చూరు అంచు రాళ్లను, కింద పడేశారని, అక్కడే ఉన్న ఇంగ్లిష్ యాత్రికుడు డాడ్వెల్ బాధతో రాశాడు. కాస్త మోటుగా వ్యవహరించాల్సి వచ్చిందని లూసియేరే ఉత్తరంలో ఒప్పుకున్నాడు.

అన్నీ చట్టప్రకారమే వచ్చాయని, అక్కడే ఉంటే పాడైపోయేవని ఎల్గిన్ పక్షం వాదన. 1816లో బ్రిటిష్ పార్లమెంటు వాటిని 35,000 పౌండ్లకు కొంది. ఏథెన్స్‌లో పాలరాయిని సున్నానికి కాల్చేవాళ్లన్నది అబద్ధం కాదు. కానీ లండన్‌లో జరిగిందేమిటి? 1930ల చివర్లో, కొత్త గ్యాలరీకి డబ్బిచ్చిన డువీన్‌కు శిల్పాలు తెల్లగా కావాలి. రాగి పనిముట్లతో గీకేశారు.

గ్రీకులూ తక్కువ తినలేదు. బొమ్మల్లోని ప్రాచీన గుడి ఒక్కటే మిగలాలని మసీదును తీసేశారు, 1875లో మధ్యయుగపు బురుజునూ కూల్చారు.

లూసియేరి బొమ్మలు చాలావరకు 1828లో ఓడతో పాటు మునిగిపోయాయి. ఏథెన్స్‌లో 2009లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియం పై అంతస్తులో, తేనెరంగు పాలరాతి పలకల మధ్య అక్కడక్కడా తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపించేవి లండన్ శిల్పాలకు తీసిన ప్లాస్టర్ అచ్చులు. ఎల్గిన్ మొదట పట్టుకెళ్తానన్నవి అచ్చులే.